నరానికీ కండకూ మధ్య 50 నానోమీటర్లు

లక్షకు 6.2 మంది. పాముకాటు మరణాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను దేశంలోకెల్లా పైన నిలబెట్టిన అంకె ఇది. 2001–03 మధ్య దేశమంతటా ఇళ్లకు వెళ్లి సేకరించిన మరణాల వివరాలను జల్లెడపట్టి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. 2005లో దేశంలో సుమారు 45,900 మంది పాముకాటుతో చనిపోయి ఉంటారని అది లెక్కగట్టింది. ఉత్తరప్రదేశ్‌లో 8,700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,200, బిహార్‌లో 4,500. జనాభాతో భాగిస్తే మొదటి స్థానం మనదే. పోయినవాళ్లలో నూటికి 97 మంది పల్లెలవాళ్లు. నాలుగో వంతు 15 నుంచి 29 ఏళ్లలోపు వయసువాళ్లు. మూడొంతుల మందికి పైగా ఆసుపత్రిలో కాదు, బయటే ప్రాణం వదిలారు. 2020లో వచ్చిన మరో అధ్యయనం 2000–2019 మధ్య దేశంలో పాముకాటు మరణాలు 12 లక్షలని, ఏడాదికి సగటున 58,000 అని చెప్పింది. అందులో సగం జూన్–సెప్టెంబరు మధ్యే.

ఆ నాలుగు నెలలే తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాల్లో మనుషులు ఎక్కువగా తిరిగే నెలలు. ప్రకాశం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలవలకు నీళ్లొదిలాక దుక్కులు, వెదలు, నారుమళ్లు, నాట్లు, కలుపులు వరసగా వస్తాయి. చేలో నీళ్లు నిలవగానే ఎలుకలు గట్లెక్కుతాయి. వాటి వెనకే పాములూ ఎక్కుతాయి. మనం నడిచేదీ ఆ గట్ల మీదే. పైరు కాస్త ఎదిగాక ఇంకో విషం పొలానికి వస్తుంది. దాన్ని మనమే వీపు మీద మోసుకెళ్తాం: ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు.

ఒకటి పాము కోరల్లో ఉంటుంది, ఒకటి డబ్బాలో ఉంటుంది. రెండింటికీ పోలికే లేదనిపిస్తుంది. కానీ మనిషి ఒంట్లో ఈ రెండూ దెబ్బకొట్టే ప్రధానమైన చోటు ఒకటే. అది నరం కొసకూ కండకూ మధ్య ఉండే సన్నని సందు, వెడల్పు సుమారు 50 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో ఇరవై వేలో వంతు. కట్లపాము విషం అక్కడ సంకేతాన్ని దాటనివ్వదు. పురుగుమందు దాటిన సంకేతాన్ని ఆగనివ్వదు. చివరికి రెండూ చేసేది ఊపిరి ఆపడమే. నాడీ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో ఈ సందు దగ్గర నిలబడి చూస్తే, పాఠ్యపుస్తకంలో బొమ్మగా చూసినదానికంటే బాగా అర్థమవుతుంది. పైగా డెల్టాలో ఉండేవాళ్లకు ఇది తెలుసుకోవాల్సిన పాఠం కూడా.

70 మిల్లీవోల్టులు

మనిషి మెదడు బరువు 1.3 నుంచి 1.4 కిలోలు. ఒంటి బరువులో ఇది 2 శాతమే అయినా, ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుచేసే శక్తిలో 20 శాతం దానికే పోతుంది. అందులో న్యూరాన్లు, అంటే నాడీకణాలు, 8,600 కోట్లు. చాలాకాలం పుస్తకాలన్నీ 10,000 కోట్లు అని రాశాయి. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం మెదళ్లను ద్రవంలా కరిగించి, అందులోని కణకేంద్రకాలను లెక్కపెట్టి 8,600 కోట్లని తేల్చింది. వీటిలో 6,900 కోట్లు తల వెనక కింది భాగంలో ఉండే అనుమస్తిష్కంలోనే ఉన్నాయి. మన ఆలోచనకూ మాటకూ ఆధారమైన మస్తిష్కపు పైపొరలో ఉన్నవి 1,600 కోట్లు.

మెదడు నుంచి కిందికి వెన్నుపాము 42–45 సెంటీమీటర్లు ఉంటుంది. మెదడు నుంచి 12 జతల నరాలు, వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయల్దేరి ఒళ్లంతా పరుచుకుంటాయి. మెడ దగ్గర 3, 4, 5 నంబర్ల నుంచి వచ్చే పోగులు కలిసి ఒక నరంగా ఛాతీలోకి దిగి, ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే కండరాన్ని అంటుకుంటాయి. ఆ కండరం పేరు డయాఫ్రం. నిమిషానికి 14 ఊపిర్లు అనుకుంటే రోజుకు 20,160 సార్లు ఆ నరం వెంట ఆదేశం రావాలి, ఆ కండ బిగుసుకోవాలి. నిద్రలోనూ ఇంతే.

ఆదేశం అంటే ఏమిటి? ప్రతి న్యూరాన్ తన పొరకు లోపల సోడియం తక్కువగా, పొటాషియం ఎక్కువగా ఉంచుకుంటుంది. పొరలో ఉండే పంపు ఒక్కో విడతకు 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తీసుకుంటుంది. ఈ తేడాల వల్ల పొర లోపలి వైపు బయటికంటే 70 మిల్లీవోల్టులు రుణావేశంతో ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీ 1.5 వోల్టులతో పోలిస్తే ఇది ఇరవయ్యో వంతు. చిన్న అంకెలా ఉంది గానీ ఆ పొర మందం 7 నానోమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. మీటరుకు లెక్కవేస్తే కోటి వోల్టుల ఒత్తిడి. నరం ఎప్పుడూ ఎక్కుపెట్టే ఉంటుందన్నమాట.

ఎక్కడో ఒక చోట ఆ రుణ 70 కాస్తా రుణ 55 దాకా తగ్గితే సోడియం మార్గాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. లోపలికి సోడియం దూసుకొస్తుంది. వోల్టేజి ధన 30 దాకా లేచి, వెంటనే పొటాషియం బయటికి పోవడంతో మళ్లీ కిందికి దిగుతుంది. ఇదంతా జరిగేది సుమారు ఒక మిల్లీసెకనులో. పక్కనున్న పొర ముక్కలో మళ్లీ అదే, దాని పక్కన మళ్లీ అదే. నరం వెంట పాకేది ఈ కుదుపే. 1952లో అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ సముద్రపు స్క్విడ్‌లోని లావుపాటి నరపోగు మీద ప్రయోగాలతో దీన్ని సమీకరణాలతో సహా రాసిపెట్టారు. 1963లో నోబెల్ వచ్చింది. కుదుపు వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే రాదు. గట్టిగా తొక్కడానికీ మెల్లగా తొక్కడానికీ తేడా కుదుపు ఎత్తులో ఉండదు, సెకనుకు ఎన్ని కుదుపులు వచ్చాయన్నదాంట్లో ఉంటుంది.

గంటకు 180 కిలోమీటర్లు, గంటకు 3.6 కిలోమీటర్లు

హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప కాలి నరం మీద కొలిచేవరకూ నరంలో సంకేతం వేగాన్ని మనిషి కొలవలేడనే పెద్దపెద్దవాళ్లు అనుకున్నారు. ఆయనకు సెకనుకు 30 మీటర్లకు అటూ ఇటూ వచ్చింది. మనిషి చేతి నరాల్లో కండను కదిలించే పోగుల వేగం సెకనుకు 50–60 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు, తెనాలి నుంచి రేపల్లె దాకా ఉన్న సుమారు 34 కిలోమీటర్ల రైలుదారిని పదకొండు, పన్నెండు నిమిషాల్లో దాటేసే వేగం. నొప్పి తెచ్చే అతి సన్నని పోగుల్లో మాత్రం సెకనుకు అర నుంచి రెండు మీటర్లే. సెకనుకు మీటరంటే గంటకు 3.6 కిలోమీటర్లు, గట్టు మీద నింపాదిగా నడిచే మనిషి వేగం.

తేడా పోగు లావులోనూ ఉంది, దాని మీది కొవ్వు తొడుగులోనూ ఉంది. మయలిన్ అనే ఈ తొడుగు ఉన్నచోట కుదుపు పాకకుండా, మిల్లీమీటరుకో రెండు మిల్లీమీటర్లకో ఒకచోట ఉండే ఖాళీ నుంచి ఖాళీకి దూకుతుంది. ఆ తొడుగు చెడితే ఏమవుతుందో 2025 మొదట్లో మన జిల్లాల వార్తల్లో వినిపించిన గులియన్–బారే సిండ్రోమ్ చూపించింది: కాళ్ల నుంచి పైకి చచ్చుబడుతూ వస్తుంది.

తుమ్మముల్లు గుచ్చుకున్నప్పుడు ఈ రెండు వేగాలూ ఎవరికి వారే గమనించవచ్చు. సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో వచ్చే పోగు ముందుగా సూదిలాంటి నొప్పి తెస్తుంది. సెకను, సెకనున్నర గడిచాక మెల్లగా వచ్చే పోగు సలుపు తెస్తుంది. ఈలోపు కాలు ఎప్పుడో పైకి లేచిపోయి ఉంటుంది. ఆ పని వెన్నుపాము మెదడును అడగకుండానే చేసేసింది. మెదడు కావాలని కాలి బొటనవేలు కదిపితే, ఆదేశం మీటరున్నర దూరం సెకనులో ముప్ఫయ్యో వంతులో చేరుతుంది.

చేరుతుంది అంటున్నాను గానీ, నిజానికి నరం కండను తాకదు.

ఆ సందులో

నరం కొస ఆగిపోతుంది. తర్వాత 50 నానోమీటర్ల ఖాళీ. ఆ తర్వాత కండ. విద్యుత్తు ఆ ఖాళీని దాటలేదు, రసాయనం దాటాలి. దీన్ని రుజువు చేసినది ఆస్ట్రియాలో ఒట్టో లోవి. 1921లో ఆయన రెండు కప్ప గుండెలు తీసుకుని, ఒకదాని నరాన్ని ప్రేరేపించి అది మెల్లగా కొట్టుకునేలా చేశాడు. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు పోస్తే, దాని నరాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా అదీ మెల్లబడింది. అంటే నరం ఏదో పదార్థాన్ని వదిలింది. ఆ పదార్థం ఎసిటైల్‌కోలిన్. గుండెలో మెల్లబరిచే ఈ రసాయనమే కండల దగ్గర కదిలించే రసాయనం. లోవికీ, ఇంగ్లండులో దీని మీదే పనిచేసిన హెన్రీ డేల్‌కీ కలిపి 1936లో నోబెల్ ఇచ్చారు.

కుదుపు నరం కొసకు రాగానే అక్కడ కాల్షియం లోపలికి వస్తుంది. కొసలో దాచిపెట్టిన చిన్నచిన్న సంచులు పదుల కొద్దీ పొరకు అతుక్కుని పగులుతాయి. ఒక్కో సంచిలో వేలల్లో, పది వేల దాకా, ఎసిటైల్‌కోలిన్ అణువులు. సంచుల లెక్కన విడుదలవుతుందని చూపించిన బెర్నార్డ్ కాట్జ్‌కు 1970లో నోబెల్ వచ్చింది. అవతలి ఒడ్డున కండ పొర మీద గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి, చదరపు మైక్రాన్‌కు దాదాపు 10,000. ఒక్కో గ్రాహకం మీద రెండేసి అణువులు కూర్చుంటే అది తెరుచుకుంటుంది. సోడియం లోపలికి పోతుంది, కండ బిగుసుకుంటుంది.

తర్వాత జరిగేది ఇంకా ముఖ్యం. కండ వదలాలి కదా. ఆ సందులోనే కాపలా ఉండే ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ అనే ఎంజైము పని పూర్తయిన అణువులను ముక్కలు చేస్తుంది. ఒక్కో ఎంజైము అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్‌లను విరగ్గొట్టగలదు. మిల్లీసెకను తిరిగేసరికి సందు శుభ్రం. మళ్లీ కొత్త ఆదేశానికి సిద్ధం.

వదిలేవాడు, అందుకునేవాడు, తుడిచేవాడు. ముగ్గురిలో ఎవరు దెబ్బతిన్నా ఊపిరి ఆగుతుంది. కట్లపాము మొదటివాడిని కొడుతుంది, తాచు రెండోవాడిని, పురుగుమందు మూడోవాడిని.

ఇక్కడ ప్రకృతి మనకిచ్చిన వెసులుబాటు ఒకటుంది. అదే మనల్ని మోసం కూడా చేస్తుంది. కండ బిగుసుకోవడానికి అన్ని గ్రాహకాలూ అక్కర్లేదు. మూడు వంతులు మూసుకుపోయినా మిగిలిన పావువంతుతోనే కండ మామూలుగా పనిచేస్తుంది. విషం 20 శాతం మూసినా, 50 శాతం మూసినా పైకి ఏమీ కనిపించదు. 75 దాటాక కనురెప్ప వాలుతుంది. అక్కణ్నుంచి 90 చేరడానికి ఎంతోసేపు పట్టదు. కరిచి గంటయింది, మనిషి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, ఇంకేం భయం లేదనుకునే ఇంట్లోవాళ్ల ధైర్యం ఈ పావువంతు మీద నిలబడిన ధైర్యం. మంత్రం వేయించుకున్నాక బాగానే ఉన్నాడన్న మాట కూడా చాలాసార్లు ఈ గంటలోనే పుడుతుంది.

కట్లపాము

దేశంలో పాము జాతులు సుమారు 300, అందులో విషపువి 60కి పైచిలుకు. జెర్రిపోతుకూ, నీరుకట్టెకూ విషం లేదు. విషపు పాము కరిచినా ప్రతిసారీ విషం దింపదు. కాబట్టి ఏ పసరు వేసినా, ఏ మంత్రం వేసినా బతికేవాళ్లు ఎక్కువమందే ఉంటారు. మిగిలినవాళ్ల సంగతే ఇక్కడ మాట్లాడుతున్నది. ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. పింజరలు ప్రధానంగా రక్తాన్ని చెడగొడతాయి. నరాల మీద పడేవి మొదటి రెండూ.

తాచు కరిస్తే తెలుస్తుంది. నొప్పి, వాపు, బుస. కట్లపాము రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి. చాలాసార్లు నొప్పీ ఉండదు, గాటూ కనిపించదు. తెల్లవారుజామున లేచినవాళ్లు చెప్పే మొదటి మాట పాము గురించి కాదు, కడుపునొప్పి గురించి. గ్యాస్ అనుకుని ఇంట్లో వాము నమిలిస్తారు. కాసేపటికి రెప్పలు బరువెక్కుతాయి, నిద్ర చాల్లేదనుకుంటారు. తర్వాత రెండేసి బొమ్మలు కనిపిస్తాయి, మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి మింగుడు పడదు, మెడ నిలవదు. చివరికి ఛాతీ. పై నుంచి కిందికి దిగే ఈ వరసను డెల్టాలో ప్రతి ఇల్లూ గుర్తుపెట్టుకోవాలి. వానాకాలం తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషికి రెప్పలు వాలుతుంటే, ఒంటి మీద గాటు లేకపోయినా, కట్లపామేనని అనుమానించాలి.

విషంలోని ముఖ్యమైన టాక్సిన్ నరం కొస లోపలికి దూరి, అక్కడి సంచులను ఖాళీ చేసి, పొరను కొరికి, కొసనే నాశనం చేస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఒక్క రోజులో నరం కొసలు చితికిపోయాయి. మూడో రోజుకు కొత్త కొసలు మొలవడం మొదలైంది, వారానికల్లా చాలావరకు కండను మళ్లీ అందుకున్నాయి. మనుషుల్లోనూ రోజుల నుంచి వారాల్లో తిరిగి వస్తుంది. వస్తుందన్నదే ఇక్కడ అసలు మాట. నరం వేచి ఉండగలదు, మళ్లీ మొలవగలదు. మెదడు అలా ఆగలేదు. ప్రాణవాయువు అందకపోతే 4–6 నిమిషాల్లో దాని కణాలు చావడం మొదలవుతుంది. ఈ వారానికీ ఆ 4 నిమిషాలకూ మధ్య ఉన్నది ఒక గొట్టమూ, గాలి నింపే యంత్రమూ. యంత్రం లేకపోతే చేత్తో నొక్కే అంబుబ్యాగ్.

ఇంకో సంగతి ఇంట్లోవాళ్లకు తెలియాలి. ఈ విషాలు ప్రొటీన్లు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గోడను దాటి లోపలికి పోలేవు. అంటే కదలకుండా, కన్ను తెరవకుండా పడి ఉన్న ఆ మనిషికి అన్నీ వినిపిస్తుండవచ్చు. కనుపాప వెలుతురుకు కదలకపోయినా, మోకాలి మీద కొడితే కాలు ఎగరకపోయినా మెదడు బతికే ఉండవచ్చు. వెంటిలేటర్ మీద అలా రోజుల తరబడి ఉండి లేచి నడిచి ఇంటికి వెళ్లినవాళ్ల గురించి వైద్యపత్రికలు పదేపదే రాశాయి. ఇక లాభం లేదని బండి వెనక్కి తిప్పకండి.

విజ్ఞానశాస్త్రం ఈ విషానికి రుణపడి కూడా ఉంది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మన కట్లపాముకు దగ్గరి బంధువైన పాము విషం నుంచి ఆల్ఫా-బంగారోటాక్సిన్‌ను వేరుచేశారు. 74 ఎమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. గ్రాహకాన్ని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ఆ పట్టునే ఆసరా చేసుకుని 1970ల్లో గ్రాహకాన్ని విడిగా తీసి చూడగలిగారు, కండ మీద ఎన్నున్నాయో లెక్కపెట్టగలిగారు. సాయంత్రానికి రెప్పలు వాలిపోయే మయస్థీనియా గ్రేవిస్ రోగుల్లో గ్రాహకాలు తగ్గిపోయి ఉంటాయని 1973లో తేలింది ఆ విషంతోనే.

అదే ఎంజైము మీద మందూ విషమూ

మయస్థీనియాకు మందు మాత్రం అంతకు ముందే దొరికింది. 1934లో లండన్‌లో మేరీ వాకర్ అనే డాక్టరు, తుడిచే ఎంజైమును అణిచే మందు ఇచ్చి చూసింది. వాలిన రెప్పలు లేచాయి. తుడిచేవాడు కాసేపు పక్కకు తప్పుకుంటే ఎసిటైల్‌కోలిన్ ఎక్కువసేపు నిలుస్తుంది, మిగిలిన కొద్ది గ్రాహకాలకే పదేపదే తగులుతుంది.

తాచు కరిచినప్పుడు చేసేదీ ఇదే. దాని విషం గ్రాహకాల మీద కూర్చుంటుంది, నరం కొస బాగానే ఉంటుంది. కాబట్టి మన జాతీయ వైద్య మార్గదర్శకాల ప్రకారం నియోస్టిగ్మిన్ 1.5 మిల్లీగ్రాములు, దాని దుష్ప్రభావాలు ఆపడానికి అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములు ఇస్తారు. అప్పుడు మంచం దగ్గర జరిగే పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు.

“బాబాయ్, తల కదపకుండా పైకి చూడండి. అలాగే ఉండండి,” అంటుంది నర్సు. చిన్న స్కేలు కంటి పక్కన పెట్టి రెప్పల మధ్య దూరం ఎన్ని మిల్లీమీటర్లో రాసుకుంటుంది. తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకోమని, ఆ ఒక్క ఊపిరిలోనే ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టమంటుంది. మామూలుగా ముప్ఫై దాకా వెళ్లే గొంతు పదిహేను దగ్గర ఆగితే డాక్టరును పిలుస్తుంది. పది నిమిషాలకోసారి, గంటపాటు ఇదే పని. రెప్పల మధ్య దూరం పెరుగుతుంటే మందు కొనసాగిస్తారు. గంటలో మార్పు లేకపోతే ఆపేస్తారు. కట్లపాము అయితే మార్పు సాధారణంగా ఉండదు, ఎందుకంటే అక్కడ వదిలేవాడే లేడు.

తాచు కాటుకు మందైన ఈ పద్ధతే మోతాదు లేకుండా, తిరిగి విడిపోకుండా జరిగితే దానిపేరు పురుగుమందు విషప్రభావం. నియోస్టిగ్మిన్ ఎంజైమును గంటల్లో వదిలేస్తుంది. కార్బమేట్ రకం పురుగుమందు గుళికల పట్టు కూడా సాధారణంగా రోజులోపు వదులుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ పట్టు ముదిరాక వదలదు, ఒళ్లు కొత్త ఎంజైమును తయారు చేసుకోవాల్సిందే. ఎర్రరక్తకణాల మీద ఉండే ఎంజైము తిరిగి వచ్చే వేగం రోజుకు సుమారు 1 శాతం. నిన్న మందు కొట్టి, ఇవాళ కొట్టి, ఎల్లుండి ఇంకో రైతు చేలో కూలికి కొట్టేవాడి ఒంట్లో ఆ లోటు పూడదు, పోగవుతుంది. ఈ మందు ముక్కులోంచే పోవాలని లేదు, తడిసిన చొక్కాలోంచి, మూత తీసిన చేతిలోంచి చర్మం దాటి పోతుంది.

ఎసిటైల్‌కోలిన్ ఆగకపోతే కండలొక్కటే కాదు, దాన్ని వాడుకునే ప్రతి చోటా అతి అవుతుంది. నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, చెమట, విరేచనాలు, సూదిమొనంత కనుపాప, మెల్లబడిన గుండె, నీరు నిండిన ఊపిరితిత్తులు. కండలు మొదట అదురుతాయి, తర్వాత అలిసి చచ్చుబడతాయి. అట్రోపిన్ గ్రంథులనూ గుండెనూ ఊపిరితిత్తులనూ కాపాడుతుంది గానీ, కండల దగ్గరి గ్రాహకాల మీద పనిచేయదు. కాస్త తేరుకున్నాడనుకున్న మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ నిలవకపోవడం, ఊపిరి సన్నగిల్లడం కనిపించవచ్చు. 1987లో శ్రీలంక డాక్టర్లు దీన్ని మొదటిసారి విడిగా గుర్తించి రాశారు. దిండు మీంచి తల ఎత్తగలడా అన్నది రోజూ చూడాల్సిన పరీక్ష.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997–2002 మధ్య పురుగుమందు విషప్రభావంతో చేరినవాళ్లు 8,040 మంది. వాళ్లలో 22.6 శాతం చనిపోయారు. 2002 వివరాలు చూస్తే మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్లలోపువాళ్లే, చాలామంది బతుకు మీద విసుగుతో తాగినవాళ్లు. ఆ వయసులో ఆ నిమిషం దాటితే బతుకుతారు. మనసు బాగోలేనివాళ్లు ఇంట్లో ఉంటే మందు డబ్బా ఇంట్లో ఉండకూడదు. మాట్లాడే మనిషి కావాలంటే టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా, తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.

10 వయల్స్, 75 ఆంపూల్స్

ఆ వరంగల్ అంకెలిచ్చిన అధ్యయనం వైద్యంలో ఎత్తిచూపిన ఒక లోపం, అట్రోపిన్‌ను చాలామందికి తక్కువగా, ఒకే స్థిరమైన మోతాదులో ఇవ్వడం. ఇప్పుడు చెబుతున్న పద్ధతి వేరు. 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు తగ్గేదాకా 5 నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ పోవాలి: 3, 6, 12, 24. మన దగ్గర దొరికే ఆంపూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములు. నాలుగు విడతలకు 45 మిల్లీగ్రాములు, అంటే 75 ఆంపూల్స్, పావుగంటలో. అందరికీ అంత పట్టదు. పట్టే మనిషి వస్తే మాత్రం అల్మరాలో పది ఆంపూల్స్ ఉన్న ఆసుపత్రి ఏమీ చేయలేదు.

పాముకాటుకు మొదటి మోతాదు 10 వయల్స్ యాంటీవెనమ్. 10 మిల్లీలీటర్ల వయల్ ఒకటి 6 మిల్లీగ్రాముల తాచు విషాన్ని, 4.5 మిల్లీగ్రాముల కట్లపాము విషాన్ని విరుస్తుంది. పసిపిల్లవాడికైనా అంతే మోతాదు, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం వదలదు. అది విరిచేది రక్తంలో తిరుగుతున్న విషాన్నే, నరం కొసలోకి అప్పటికే దూరినదాన్ని కాదు. కాబట్టి ఇక్కడ ప్రతి గంటకూ విలువ ఉంది. ఈ మందు పైన చెప్పిన నాలుగు పాములకే. నిజాంపట్నం, సూర్యలంక వైపు వలల్లో పడే సముద్రపు పాముల విషం కూడా నరాలూ కండల మీదే పనిచేస్తుంది, దానికి మన యాంటీవెనమ్ పనికిరాదు. వేటకు వెళ్లేవాళ్లు వల విదిల్చేటప్పుడు చేతులు జాగ్రత్త.

కరిచాక చేయాల్సింది కొంచెమే. మనిషిని నడిపించకూడదు. కాలో చెయ్యో విరిగినప్పుడు కట్టినట్టు బద్ద పెట్టి కదలకుండా చేయాలి. ఉంగరాలు, మట్టెలు, గాజులు తీసేయాలి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. పామును చంపి తేవాలని వెతకడం దండగ. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు బండి దొరికితే ఎక్కించేయాలి. ఏ లక్షణమూ లేకపోయినా 24 గంటలు ఆసుపత్రిలో ఉంచాలి. 2018 ఆగస్టులో రేపల్లె నుంచి చూస్తే కృష్ణా నదికి అవతల ఉన్న దివిసీమలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు మోపిదేవి ఆలయంలో సర్పయాగానికి అధికారులే పూనుకున్నారు. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. మొక్కు తీర్చుకోవడం ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక పెట్టుకోండని మాత్రం చేతులెత్తి అడుగుతున్నాను.

కరవకముందు చేయాల్సిందీ ఉంది. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే కట్లపాము పక్కలోకి రాలేదు. నేపాల్ తెరాయి పల్లెల్లో జరిగిన అధ్యయనం దోమతెర పాముకాటును తగ్గిస్తుందని చూపించింది. రాత్రి గట్టు మీదికి వెళ్లేటప్పుడు టార్చి, కాలికి బూటు. గట్ల మీద ఎలుకలను పట్టే యానాదుల పనికి డబ్బు లెక్కచూసుకోకుండా ఇవ్వడం కూడా పాముకాటు నివారణే.

లంక గ్రామం నుంచి పెద్ద ఆసుపత్రికి ముక్కాలుగంట ప్రయాణం అనుకుందాం. దారిలో ఊపిరి ఆగితే 5–6 సెకన్లకోసారి అంబుబ్యాగ్ నొక్కాలి. అంటే 450 నుంచి 540 సార్లు. అన్నిసార్లు నొక్కితే మనిషి మెదడు చెక్కుచెదరకుండా వెంటిలేటర్ దాకా చేరుతుంది, వారం తర్వాత నరం తన పని తాను అందుకుంటుంది. ఈసారి కాలవలకు నీళ్లొదిలేలోపు మీ ఊరి పీహెచ్‌సీకి వెళ్లి నాలుగు విషయాలు అడిగి రండి. యాంటీవెనమ్ వయల్స్ పదికి తగ్గకుండా ఉన్నాయా? నియోస్టిగ్మిన్ ఉందా? అట్రోపిన్ ఆంపూల్స్ ఎన్ని ఉన్నాయి? అంబుబ్యాగ్ ఎక్కడ పెట్టారు, రాత్రి డ్యూటీలో ఉండేవాళ్లకు దాన్ని నొక్కడం వచ్చా?